దిబ్బ ఎరువు గడ్డికి బలమే, మరి ఆ గడ్డి తినే పశువుకు?

యూరియా బస్తా కోసం లైన్లలో నిలబడాల్సి వచ్చిన ప్రతి సీజన్ తర్వాతా పల్లెల్లో దిబ్బ ఎరువుకు గిరాకీ పెరుగుతుంది. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఆ ఎరువు మొదట ఎటు పోతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలకు, పొదిలి, కందుకూరు వైపు పొగాకు చేలకు, పెన్నా డెల్టాలో వరి కయ్యలకు. మేతకు ఎరువు వేయాలన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు. బీట్లో దానంతట అది మొలిచిన గడ్డి సరిపోయేది. బీళ్లు తగ్గిపోయి, పాడి కోసం అరెకరమో ఎకరమో సూపర్ నేపియర్ గడ్డి పెట్టుకోవడం మొదలయ్యాక పరిస్థితి మారింది. ఇప్పుడు షెడ్డులోని పేడ నేరుగా పక్కనున్న గడ్డి మడిలోకే పోతోంది.

దాంతోపాటే టెన్షన్ కూడా వచ్చింది. పచ్చి పేడలో ప్రమాదకరమైన క్రిములు ఉంటాయి, ఆ గడ్డి తిన్న పశువుకూ ఆ పాలు తాగిన మనిషికీ జబ్బులొస్తాయి అని ఒకరంటారు. పశువు మేస్తూ మేస్తూ అక్కడే పేడ వేస్తుంది, వేల ఏళ్లుగా అలాగే నడుస్తోంది, ఇప్పుడు కొత్తగా వచ్చిన ముప్పేంటి అని ఇంకొకరంటారు. రెండింట్లోనూ నిజముంది. ఏ పేడ, ఎంత పాతది, ఏ నేల మీద పడింది, ఆ తర్వాత అక్కడ ఏ పశువు ఎప్పుడు మేసింది అన్నదాన్ని బట్టి ఏది ఎక్కువ నిజమో తేలుతుంది.

పేడ, దిబ్బ ఎరువు, కంపోస్టు: మూడూ వేరు

మాటల్లో అన్నింటినీ ‘పశువుల ఎరువు’ అనేస్తాం. ఆరోగ్యం సంగతి మాట్లాడేటప్పుడు మాత్రం వీటిని విడదీసి చూడాలి. పచ్చి పేడలో 80 శాతం దాకా నీరే. అందులోని క్రిములు ఇంకా బతికే ఉంటాయి. దిబ్బ ఎరువంటే పేడ, దొడ్డి ఊడ్చిన చెత్త, తినగా మిగిలిన గడ్డి, బూడిద అన్నీ కలిసి నెలల తరబడి మాగినది. కంపోస్టు కూడా మాగిన ఎరువే, కానీ అక్కడ గాలి, తడి, చెత్త పాళ్లు చూసుకుంటూ, తిరగేస్తూ, కుప్ప లోపల వేడి పుట్టేలా చేస్తారు. ఇవి కాక షెడ్డు కడిగిన నీళ్లతో కలిసి పారే పేడనీళ్లు, గోబర్ గ్యాస్ ట్యాంకు నుంచి వచ్చే స్లర్రీ, గొర్రెల పెంటికలు, కోళ్ల ఎరువు ఉన్నాయి.

బలంలోనూ ఇవి ఒకటి కావు. వ్యవసాయ పుస్తకాల్లో సాధారణంగా కనిపించే లెక్క ప్రకారం మాగిన పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం ఉంటాయి. గొర్రెలు, మేకల ఎరువులో నత్రజని 3 శాతం దాకా ఉంటుంది. కోళ్ల ఎరువులో నత్రజని 3 శాతంతో పాటు భాస్వరం కూడా రెండున్నర శాతం దాటుతుంది.

ఒక ఇంటి లెక్క వేద్దాం. నాలుగు బర్రెలున్నాయి, ఒక్కోటి రోజుకు 15 కిలోల పేడ వేస్తుందనుకుందాం. రోజుకు 60 కిలోలు, ఏడాదికి దాదాపు 22 టన్నులు. మాగేసరికి సగానికి పైగా తగ్గి ఓ 10 టన్నులు మిగిలిందనుకుంటే, అందులో నత్రజని 50 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోల నత్రజని. అంటే ఏడాది దిబ్బంతా కలిపి రెండున్నర బస్తాల యూరియాకు కొంచెం తక్కువ. అందులోనూ మొదటి పంటకు అందేది సుమారు మూడో వంతే, మిగతాది తర్వాతి సీజన్లలో మెల్లగా వస్తుంది. ‘దిబ్బ వేశాను, యూరియా అక్కర్లేదు’ అనుకున్న వాళ్ల నేపియర్ పసుపెక్కేది ఇందుకే. మట్టి గుల్లబారడం, తడి నిలవడం, సూక్ష్మపోషకాలు, 50 కిలోల పొటాష్ మాత్రం యూరియా బస్తాలో దొరకవు.

పేడలో ఉండేవి ఏవి, అవి దేనికి చస్తాయి

పేడలో ఉండే క్రిముల జాబితా పెద్దది. పేర్లకన్నా అవి దేనికి లొంగుతాయన్నది తెలుసుకోవడమే ఎక్కువ ఉపయోగం.

సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్, ఈ.కోలైలో జబ్బు చేసే ఓ157 రకం లాంటి బ్యాక్టీరియా ఒక వర్గం. పైకి ఆరోగ్యంగా కనిపించే పశువు పేడలో కూడా ఇవి ఉండొచ్చు. మనుషులకు విరేచనాలు, కొన్నిసార్లు పిల్లల్లో కిడ్నీలు దెబ్బతినడం వీటి పని. వేడికి, ఎండకు, ఎండిపోవడానికి ఇవి లొంగుతాయి. తడిగా, నీడగా ఉంటే నెలల తరబడి బతుకుతాయి. చూడి పశువులు ఈసుకుపోయేలా (గర్భం పోయేలా) చేసే బ్రూసెల్లా కూడా ఇలాంటిదే. నేరుగా ఎండ తగిలితే త్వరగా చస్తుంది, చల్లని తడి కుప్పలో ఉండిపోతుంది.

రెండో వర్గం కడుపు పురుగులు, వాటి గుడ్లు. మనుషులకన్నా జీవాలకు, దూడలకు వీటి బెడద ఎక్కువ. గొర్రెల పొట్టలో రక్తం పీల్చే హీమాంకస్ అనే పురుగులో ఆడది రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవన్నీ పెంటికలతో నేల మీదికే వస్తాయి. దూడల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఎండిపోతే గంటల్లో చస్తుంది. గేదె దూడల్లో కనిపించే పెద్ద ఏలికపాముల గుడ్లు మాత్రం గట్టి పెంకుతో చాలాకాలం నిలుస్తాయి. అందుకే ఒకే షెడ్డులో పెద్ద బర్రెల పేడకన్నా దూడల పేడ ఎక్కువ ప్రమాదకరం.

మూడోది బీజరూపంలో ఉండే మొండి క్రిములు. ధనుర్వాతం తెచ్చేది, బోటులిజం తెచ్చేది, దొమ్మ రోగం తెచ్చేది ఈ వర్గంలోవే. కంపోస్టు వేడికి కూడా ఇవి చావవు. పశువు దొమ్మ రోగంతో చచ్చిందన్న అనుమానం ఉంటే కళేబరాన్ని కోయకూడదు, దిబ్బ దగ్గరికి చేర్చకూడదు. సున్నం చల్లి లోతుగా పూడ్చాల్సిందే. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాలు నిలుస్తాయి.

జోన్స్ వ్యాధి క్రిమి ఈ మూడింటికీ మధ్యలో ఉంటుంది. పశువు ఎంత మేసినా బక్కచిక్కిపోతూ, ఆగని పారుడుతో తీసుకుంటుంది. ఈ క్రిమి ఎండ పడే చోట కన్నా నీడలో చాలా ఎక్కువకాలం బతుకుతుంది. నీడపట్టున ఏడాదికి పైగా నిలిచిన సందర్భాలు ఆస్ట్రేలియా పరిశోధనల్లో నమోదయ్యాయి. అంటుకునేది ఎక్కువగా లేత దూడలకు, బయటపడేది ఏళ్ల తర్వాత. ఈ గందరగోళం మొత్తంలో నాకు అన్నింటికన్నా ఆందోళన కలిగించేది ఇదే. కారణం ఎక్కడిదో తెలిసే సమయానికి ఆ పేడ వేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

దిబ్బ వయసు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి

‘మా దిబ్బ ఏడాది పాతది’ అంటాం. అందులో ఒక చిక్కుంది. మన ఇళ్ల దగ్గర దిబ్బకు రోజూ పేడ చేరుతూనే ఉంటుంది, ట్రాక్టర్ వచ్చిన రోజు పొద్దున కూడా. అడుగున ఉన్నది ఏడాది పాతదే, పైన ఉన్నది నిన్నటిది. నాలుగు బర్రెల ఇంట్లో చివరి నెలలో చేరే పచ్చి పేడ 1,800 కిలోలు. లోడు ఎత్తేటప్పుడు పైదీ కిందదీ కలిసిపోతాయి. ఆ కలిసిన ఎరువు వయసు ఏడాది అనలేం. క్షేమం విషయంలో దిబ్బ వయసంటే చివరిసారి పేడ వేసిన రోజు నుంచి లెక్క.

రెండో చిక్కు వేడి. ఎరువు మాగేటప్పుడు వేడెక్కుతుంది, క్రిములు చస్తాయి అని చదువుతుంటాం. అది నిజమే కానీ ఆ వేడి ఊరికే రాదు. అమెరికా సేంద్రియ ప్రమాణాలు కంపోస్టును క్షేమమైనదిగా లెక్కించాలంటే కుప్పను 55 నుంచి 77 డిగ్రీల మధ్య 15 రోజులు ఉంచాలి, ఆ రోజుల్లో కనీసం అయిదుసార్లు తిరగేయాలి. తిరగేయడం దేనికంటే, అంచుల్లో చల్లగా ఉన్న భాగం లోపలికి వెళ్లి అదీ వేడెక్కాలి. రోజుకో తట్ట చొప్పున పెరిగే పలచటి దిబ్బ ఆ వేడిని చేరుకోవడం అరుదు. కొత్త పేడ తడి, పక్క నుంచి తగిలే గాలి వేడిని నిలవనివ్వవు.

ఈ తేడా ఎంతుంటుందో 1998లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. ఓ157 రకం ఈ.కోలై ఉన్న గొర్రెల ఎరువు కుప్పను కదపకుండా వదిలేస్తే ఆ క్రిమి 21 నెలలు బతికింది. గాలి ఆడేలా చేసిన గొర్రెల ఎరువులో నాలుగు నెలలు, అలాగే గాలి ఆడించిన పశువుల ఎరువులో 47 రోజులు మాత్రమే కనిపించింది. అది చల్లటి ప్రాంతం, మన ఎండలకు అంకెలు అలాగే రావు. అయినా కదపని కుప్ప తనంతట తాను శుద్ధి కాదన్న సంగతి మాత్రం మనకూ వర్తిస్తుంది.

దీనికి ఖర్చులేని పద్ధతి కొన్ని ఊళ్లలో పాతకాలం నుంచీ ఉంది. రెండు దిబ్బలు పెట్టుకోవడం. ఒకటి నిండాక దాన్ని మూసేసి రెండోది మొదలుపెడతారు. మూసిన దాంట్లో కొత్త పేడ పడదు కాబట్టి ఆ రోజు నుంచి దాని వయసు నిజంగా పెరుగుతుంది. స్థలం చాలని చోట ఇది కష్టమే.

ఎండ క్రిముల్ని చంపుతుంది, నత్రజనినీ తీసుకుపోతుంది

మన జిల్లాలకు ఉన్న పెద్ద వరం రోహిణి కార్తె ఎండ. 40 డిగ్రీలు దాటే రోజుల్లో పలచగా చల్లిన పేడ రెండు మూడు రోజుల్లో పెళుసుబారిపోతుంది. చాలా రకాల పురుగుల గుడ్లు, లార్వాలు, బ్యాక్టీరియా అంతటి ఎండుకు తట్టుకోలేవు. చల్లటి దేశాల కోసం రాసిన హెచ్చరికలను అచ్చంగా ఇక్కడికి తెచ్చి భయపడనవసరం లేదని కొందరు పశువైద్యులు అనేది ఈ కారణంతోనే.

భూసారం చూసేవాళ్ల బాధ వేరు. పేడను ఎండలో పైపైన పరిస్తే అమ్మోనియా రూపంలో ఉన్న నత్రజనిలో పెద్ద వాటా కొద్ది రోజుల్లోనే గాలిలో కలిసిపోతుంది. వాళ్ల సలహా చల్లిన వెంటనే మట్టిలో కలపమని. కానీ మట్టిలో కలిసిన పేడకు ఎండ తగలదు, క్రిములకు అక్కడ తడి, నీడ దొరుకుతాయి. పైగా నిలిచి ఉన్న గడ్డి పొలాన్ని దున్నలేం కూడా.

కాబట్టి క్షేమానికి మంచిది బలానికి చేటు, బలానికి మంచిది క్షేమానికి చేటు. రెండు వైపులవాళ్లూ తమ లెక్కలో తప్పు చెప్పడం లేదు. ఎరువు ముందే బాగా మాగి ఉంటే మాత్రం ఈ గొడవ సగం తగ్గుతుంది. మాగిన ఎరువులో అమ్మోనియా తక్కువ, క్రిములూ తక్కువ. ఎండలో చల్లినా పోయేది కొంచెమే.

వరి కయ్యకు లేని ఇబ్బంది గడ్డి పొలానికి ఎందుకు

వరికి వేసిన ఎరువు దమ్ములో మట్టిలో కలుస్తుంది. గింజ కోతకొచ్చేసరికి నెలలు గడుస్తాయి, బియ్యం ఉడికించి తింటాం. గడ్డి మడిలో ఈ మూడు రక్షణలూ లేవు. ఎరువు పైనే ఉంటుంది, గడ్డి దాని మీదే పెరుగుతుంది, పశువు పచ్చిగానే తింటుంది.

ఇక్కడ కోసి వేసే మేతకూ, తోలి మేపే మేతకూ చాలా తేడా ఉంది. పురుగుల లార్వాలు మంచుతడి మీద గడ్డిపోచ ఎక్కుతాయి కానీ ఎక్కువ భాగం నేల నుంచి కొద్ది అంగుళాల లోపే ఉంటాయి. నేపియర్‌ను నేలకు జానెడు ఎత్తున వదిలి కోస్తే వాటిలో చాలావరకు మోడులోనే మిగిలిపోతాయి. గొర్రె అలా కాదు, నేలకు పళ్లానించి కొరుకుతుంది. ఒకే దిబ్బ ఎరువు నేపియర్ మడికి పెద్దగా హాని లేకుండా పోయి, పచ్చిక బీటిలో గొర్రెపిల్లల్ని పడగొట్టొచ్చు. ఎరువు వేసిన మడిలో నుంచి గడ్డి కోసేటప్పుడు పేడ ముద్దలు, మట్టి అంటిన అడుగు పోచలు గంపలోకి వస్తే మాత్రం ఆ లాభం పోతుంది.

మరి పశువు మేస్తూ వేసిన పేడ సంగతి? ఆవులు, బర్రెలు తాము వేసిన పేడ చుట్టూ ఉన్న గడ్డిని కొంతకాలం ముట్టవు. బీట్లో అక్కడక్కడా ఏపుగా పెరిగి వదిలేసిన కుదుళ్లు కనిపించేది అందుకే. ఈలోగా పేడపురుగులు ఆ కుప్పను విడగొట్టి నేలలోకి లాగేస్తాయి, ఎండ మిగతాది చూసుకుంటుంది. ‘వేల ఏళ్లుగా నడుస్తోంది’ అన్నవాళ్ల మాట వెనక ఉన్న బలం ఇదే. ఎరువును పొలమంతా సమంగా చల్లినప్పుడు పశువుకు తప్పుకుని మేసే వీలు ఉండదు. అదే అసలు తేడా. ఐవర్‌మెక్టిన్ లాంటి పురుగుల మందు వేసిన పశువుల పేడలో ఆ మందు కొంతకాలం మిగిలి పేడపురుగుల పిల్లల్ని కూడా చంపుతుందన్నది ఇందులో మరో మెలిక.

నెల్లూరు వానాకాలం లెక్క మార్చేస్తుంది

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. పురుగుల గుడ్డు పొదిగి, అంటుకునే దశకు రావడానికి కావలసింది వెచ్చదనం, తడి. ఆ నెలల్లో రెండూ ఉంటాయి. వారం రోజుల్లోనే గుడ్డు లార్వా అవుతుంది. వెచ్చటి తడి వాతావరణంలో లార్వా తన నిల్వ శక్తిని త్వరగా ఖర్చు పెట్టేసుకుంటుంది కాబట్టి ఒకటి రెండు నెలల్లో చాలావరకు చస్తుంది కూడా. చల్లటి దేశాల్లో అయితే ఎన్నో నెలలు బతుకుతుంది. ఒక్క వాన పడగానే, అదే వారంలో మేపడమే అన్నిటికన్నా చెడ్డ సమయం.

డెల్టా గట్ల మీద, చెరువుల కింద మరో బెడద ఉంది. కార్జపు జలగ. పశువు కాలేయంలో చేరే ఈ పురుగు గుడ్డు పేడతో నీళ్లలో పడి, పొదిగి, నత్తలోకి చేరి, వారాల తర్వాత బయటికొచ్చి నీటి అంచు గడ్డికి అతుక్కుంటుంది. ఆ గడ్డి తిన్న పశువు దవడ కింద నీరు దిగుతుంది, పాలు తగ్గుతాయి. పచ్చి పేడను కాలువ గట్టు గడ్డికి వేయడమంటే ఈ చక్రానికి మొదటి మెట్టు మనమే కట్టివ్వడం. అదే ఎరువు కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట బీట్లో వేస్తే, నత్త బతికే నీరు లేదు కాబట్టి, కార్జపు జలగ ప్రశ్నే రాదు. ఒకే ప్రాంతంలో ఒకే పేడకు రెండు వేరు సమాధానాలు.

గొర్రెల మంద కట్టినప్పుడు

జోడిపి, పల్ల, బ్రౌన్ రకాల నెల్లూరు గొర్రెలు ఈ ప్రాంతపు ఆస్తి. కోతలయ్యాక పొలంలో రాత్రిళ్లు మంద కట్టించుకుని, కాపరికి డబ్బో ధాన్యమో ఇచ్చే ఏర్పాటు ఇక్కడ చాలా పాతది. దిబ్బలో ఇంకిపోయి వృథా అయ్యే మూత్రం కూడా నేరుగా నేలకే దక్కుతుంది, అది పెద్ద లాభం. ఒక్కో గొర్రె రాత్రికి అరకిలో పెంటికలు వేస్తుందనుకుంటే వెయ్యి గొర్రెల మందకు 500 కిలోలు. మూడు రాత్రులు కడితే టన్నున్నర, మోతకూలి లేకుండా.

దున్ని పైరు వేసే పొలానికి ఇందులో ఆరోగ్య సమస్య దాదాపు లేదు. మంద కట్టిన చోటే వాన తర్వాత లేత గడ్డి మొలిచి, అదే మందో ఊళ్లోని మరో మందో దాన్ని మేస్తే కథ మారుతుంది. పురుగులు గొర్రె నుంచి గొర్రెకు, గొర్రె నుంచి మేకకు సులువుగా వెళ్తాయి. పెద్ద బర్రెల్లో మాత్రం వాటిలో చాలా రకాలు నిలదొక్కుకోలేవు. గొర్రెల మంద కట్టిన బీటిని ముందు బర్రెలతో మేపించే పద్ధతికి శాస్త్రం ఇచ్చే సమర్థన ఇదే. బర్రె మింగిన లార్వా అక్కడితో ఆగిపోతుంది.

కోళ్ల ఎరువును విడిగా చూడాలి

కోళ్ల ఎరువు బలమైనది, చవకగా దొరుకుతుంది, గడ్డి నల్లగా పెరుగుతుంది. అయినా మేపే పొలం వరకు దీన్ని పశువుల ఎరువుతో ఒకే గాటన కట్టకూడదు. షెడ్డులో చచ్చిన కోళ్ల ముక్కలు ఎరువులో కలిసిపోతే వాటిలో బోటులిజం విషం తయారవుతుంది. కోళ్ల ఎరువు చల్లిన బీళ్లలో మేసిన పశువులు కాళ్లు పడిపోయి చనిపోయిన సంఘటనలు బ్రిటన్, ఐర్లాండుల్లో నమోదయ్యాయి. మన ఒంగోలు జాతి నుంచి వచ్చి, మన జిల్లా పేరుతోనే నెలోర్ అని పిలిపించుకునే పశువులు నిండిన బ్రెజిల్‌లో కోళ్ల ఎరువును పశువులకు మేపడమే నిషేధం.

గొర్రెలకు మరో సమస్య రాగి. కోళ్ల దాణాలో కలిపే రాగి ఎరువులోకి వస్తుంది. బర్రె తట్టుకునే మోతాదును గొర్రె కాలేయం తట్టుకోలేదు. పైకి ఏమీ తెలియకుండా నెలల తరబడి పేరుకుని, ఒక్కరోజులో కామెర్లతో పడిపోతుంది.

2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న కోళ్ల ఎరువు గురించే. వ్యాధి తేలిన షెడ్ల ఎరువును బయటికి కదపకుండా అక్కడే పూడ్చడమో శుద్ధి చేయడమో చేస్తారు. ఆ వైరస్ రెట్టల్లో ఉంటుంది, చల్లని తడిలో కొన్నాళ్లు నిలుస్తుంది, మాగే వేడికి చస్తుంది.

క్రిముల్లేకున్నా వచ్చే ప్రమాదం: నైట్రేటు

బాగా మాగిన ఎరువులో క్రిములేవీ లేకపోయినా మోతాదు మించితే గడ్డే విషమవుతుంది. నేల నుంచి పీల్చుకున్న నైట్రేటును మొక్క ఎండా నీరూ సరిగ్గా ఉంటే మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. వాన ఆగి, మొక్క వాడిపోయిన రోజుల్లో ఆ పని కుంటుపడి, నైట్రేటు కాండం అడుగు భాగంలో పేరుకుంటుంది. ఎండు బరువు మీద లెక్క చూస్తే నైట్రేటు 1 శాతం దాటిన మేత ప్రమాదకరం. పశువు రక్తం ప్రాణవాయువును మోయలేక చాక్లెట్ రంగుకు తిరుగుతుంది.

జొన్న నాము తెలిసిన రైతులు దీన్ని దానితో కలిపేసుకుంటారు. రెండూ బెట్ట సమయంలోనే వస్తాయి, రెండింట్లోనూ పశువు ఉన్నట్టుండి పడిపోతుంది. నాములో విషం సైనైడు, అది లేత జొన్న ఆకుల్లో ఎక్కువ, రక్తం ఎర్రగా మెరుస్తుంది. నైట్రేటు నేపియర్‌లోనూ రావచ్చు, రక్తం గోధుమ రంగులో ఉంటుంది. విరుగుడు మందులు వేరు కాబట్టి డాక్టరుకు ఈ రంగు చెప్పడం ప్రాణం నిలబెట్టే విషయం.

ఇదే నైట్రేటు కిందికి దిగితే బోరు నీళ్లలో కలుస్తుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు దాటకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అది మించిన నీళ్లతో పాలు కలిపి పట్టిన పసిపిల్లల ఒళ్లు నీలంగా మారే ప్రమాదముంది. ఇసక నేలల్లో, ఇంటి బోరు పక్కనే దిబ్బ ఉన్నచోట ఈ భయం నిజమైనది.

జీవామృతం, గోబర్ గ్యాస్ స్లర్రీ

పేడ, మూత్రం, బెల్లం లాంటివి కలిపి పులియబెట్టేది కాబట్టి జీవామృతంలో క్రిములుండవని కొందరి నమ్మకం. మామూలు వేడిలో రెండు రోజులు పులిస్తే చెడ్డ క్రిములన్నీ చస్తాయనడానికి ఆధారం లేదు. అలాగని దాన్ని పచ్చి పేడలా చూసి భయపడటమూ సరికాదు. ఎకరానికి 200 లీటర్ల జీవామృతంలో ఉండేది 10 కిలోల పేడ. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకు రెండున్నర గ్రాములు. 10 టన్నుల ఎరువు చల్లితే చదరపు మీటరుకు రెండున్నర కిలోలు, వెయ్యి రెట్లు ఎక్కువ. మేత గడ్డి ఆకుల మీద పిచికారీ చేసి మర్నాడే కోసి వేయడం వరకు మానుకుంటే ఇందులో పెద్ద ముప్పు కనిపించదు.

గోబర్ గ్యాస్ ట్యాంకులో వేడి 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. క్రిములు బాగా తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఆ స్లర్రీని ఎండబెట్టి వాడేవాళ్లకు, పైపుతో నేరుగా గడ్డిలోకి వదిలేవాళ్లకు ఫలితం ఒకటి కాదు.

పేడ ఎత్తే చేతులు, తాగే పాలు

మనుషుల విషయంలో గడ్డి ద్వారా వచ్చేదాని కన్నా నేరుగా అంటేదే ఎక్కువ. ఉత్త కాళ్లతో దిబ్బ తవ్వేటప్పుడు గీసుకున్న చిన్న గాయం చాలు ధనుర్వాతానికి. పదేళ్లకోసారి టీకా వేయించుకోవడం గర్భిణులకూ పిల్లలకూ మాత్రమే సంబంధించిన విషయమని మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. దిబ్బ ఎత్తే పెద్దవాళ్లకు అది ఇంకా ఎక్కువ అవసరం.

బ్రూసెల్లా సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఈసుకుపోయిన దూడనూ మాయనూ దిబ్బలోకి విసరడం ఇంకా చాలాచోట్ల అలవాటు. ఆ జబ్బు క్రిములు పేడలో కన్నా ఆ మాయలో, ఆ ద్రవాల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. ఉత్త చేతులతో ఎత్తినవాళ్లకు నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు వస్తాయి. దాన్ని ఏదో మామూలు జ్వరమనుకుని తిరిగినవాళ్లెందరో. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసు పెయ్య దూడలకు దీని టీకా వేస్తున్నారు. పాల వరకు మాత్రం మన ఇళ్లలోని అలవాటే పెద్ద రక్షణ. పొంగేదాకా కాచిన పాలలో బ్రూసెల్లా కానీ, సాల్మొనెల్లా కానీ, ఈ.కోలై కానీ మిగలవు.

ఎన్ని రోజులు ఆగాలన్న లెక్కలు ఎందుకు కలవవు

ఇంటర్నెట్‌లో 30 రోజులని ఒకచోట, 120 రోజులని ఇంకోచోట, రెండు నెలలని మరోచోట కనిపిస్తుంది. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు, వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. అమెరికా సేంద్రియ నిబంధనల్లోని 90, 120 రోజులు మనుషులు తినే పంటకు పచ్చి ఎరువు వేసినప్పటివి. పండు నేలకు తగిలితే 120, తగలకపోతే 90. మేతకు ఆ నిబంధన వర్తించదు. 30 రోజులన్నది అక్కడే పట్టణ మురుగు నుంచి తీసిన బురద వేసిన పొలంలో పశువుల్ని తోలడానికి పెట్టిన కనీస గడువు. నెలా రెండు నెలలన్నది చల్లటి దేశాల్లో పేడనీళ్లు చల్లిన పచ్చికకు చెప్పేది.

మన దగ్గరకొచ్చేసరికి రోజుల సంఖ్య కన్నా ఆ రోజులు ఏ కాలంలో వచ్చాయన్నది ముఖ్యం. మే నెలలో 30 రోజులు, నవంబరులో 30 రోజులు ఒకటి కావు. సంక్రాంతి తర్వాత మూసేసిన దిబ్బను వైశాఖంలో పలచగా చల్లి, తొలకరి తర్వాత ఒక కోత కోసి వేసుకుని, ఆ పైన పెద్ద పశువులను తోలే రైతుకు దాదాపు ఏ నిబంధన చూసినా మిగులే ఉంటుంది. దీపావళి వానల్లో పచ్చి పేడ చల్లి నెల తర్వాత దూడల్ని వదిలినవాళ్లు నిబంధన పాటించినా ముప్పులోనే ఉన్నట్టు.

ఎరువు కొనేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. సొంత పేడలో ఉన్న క్రిములు ఎలాగూ సొంత మందలో తిరుగుతున్నవే. బయటి దిబ్బతో మన దొడ్డిలో లేని జబ్బు రావచ్చు. సంచుల్లో అమ్మే సేంద్రియ ఎరువులకు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో నాణ్యత హద్దులున్నాయి కానీ, ఊళ్లో ట్రక్కు లెక్కన చేతులు మారే దిబ్బను పరీక్షించేవాళ్లెవరూ లేరు. కొనేవాళ్లు ధర, ట్రక్కు నిండుదనం చూస్తారు. పై పొర ఎప్పటిదని, ఆ దొడ్లో ఈ ఏడాది ఏ పశువైనా ఈసుకుపోయిందా అని, గాలికుంటు వచ్చిందా అని అడగరు. జవాబు అవునైతే ఆ ఎరువు ఎండాకాలమంతా కదపకుండా ఉంచి, ఆ తర్వాత కూడా గడ్డికి కాక కలియదున్నే చేనుకు పోవాల్సింది.